మార్సేయ్: రాజధానితో పడని రేవు

(మచిలీపట్నంలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. బందరు వాళ్ల ముందు రేవుల గురించి మాట్లాడటమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అయినా పిలిచారు కాబట్టి మాట్లాడతాను. తప్పుంటే చివర్లో కాదు, అక్కడికక్కడే ఆపండి.

ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని రేవు మార్సేయ్ అనగానే మనలో చాలామందికి సావర్కర్ గుర్తొస్తాడు. 1910 జూలై 8న మోరియా అనే ఓడ అక్కడి రేవులో ఆగి ఉంది. లండన్‌లో అరెస్టు చేసిన సావర్కర్‌ని విచారణ కోసం బొంబాయి తీసుకెళ్తున్నారు. ఆయన మరుగుదొడ్డి గుండ్రటి కిటికీలోంచి నీళ్లలోకి దూకి ఈదుకుంటూ గట్టెక్కాడు. ఫ్రెంచి నేల తొక్కాం కాబట్టి ఇక ఇంగ్లీషు వాళ్లు ముట్టుకోలేరని ఆయన లెక్క. రేవు కాపలాలో ఉన్న ఫ్రెంచి పోలీసు ఆయన్ని పట్టుకుని, ఇంగ్లీషు వాళ్లకే తిరిగి అప్పగించాడు. పారిస్‌లో గొడవ మొదలయ్యేసరికి ఓడ వెళ్లిపోయింది. వ్యవహారం హేగ్ మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా పోయింది. 1911 ఫిబ్రవరిలో తీర్పొచ్చింది: అప్పగించడం పొరపాటే, కానీ వెనక్కి ఇవ్వాల్సిన పని లేదట!

ఇందులో నాకు ఆసక్తిగా అనిపించేది ఆ పోలీసు. రేవులో ఒక చిన్న ఉద్యోగి ఏదో చేసేస్తాడు, తర్వాత రాజధాని కూర్చుని దానికి సంజాయిషీ చెప్పుకుంటుంది. ఈ ఊరి రెండువేల ఆరువందల ఏళ్ల చరిత్రలో ఇలాంటివి బోలెడు. ఈ ఊరిని పారిస్ ఎప్పుడూ పూర్తిగా నమ్మలేదు, పారిస్‌ని ఈ ఊరూ నమ్మలేదు. నేను ఇవాళ చెప్పబోయేది ఆ తగువు కథే. చర్చిలూ మ్యూజియంలూ మధ్యలో వస్తే వస్తాయి, లేకపోతే లేదు.

ముందు ఊరి స్వరూపం చూద్దాం. మూడు వైపులా తెల్లటి సున్నపురాయి కొండలు, ఒకవైపు సముద్రం. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన పొడవాటి కయ్య ఒకటి, అదే పాత రేవు. ఎదురుగా చిన్న దీవులు. చలికాలంలో మిస్ట్రాల్ అనే ఉత్తరపు గాలి కొడితే ఆకాశం అద్దంలా అవుతుంది, మనిషికి మాత్రం నిలబడటం కష్టం. దేశం లోపలికి వెళ్లాలంటే కొండలు దాటాలి, బయటి లోకానికి వెళ్లాలంటే తెరచాప ఎత్తితే చాలు. అలాంటి చోట పుట్టినవాడికి ఆల్జియర్స్, జెనోవా, స్మిర్నా దగ్గరి ఊళ్లుగానూ, పారిస్ దూరపు చుట్టంగానూ అనిపిస్తే వింతేముంది?

క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో ఇప్పటి టర్కీ పడమటి తీరంలోని ఫొకయా నుంచి వచ్చిన గ్రీకు వర్తకులు దీన్ని కట్టారు. ఒక కథ చెబుతారు. ఆ రోజు స్థానిక రాజు కూతురు జిప్తిస్‌కి స్వయంవరం. విందులో తనకు నచ్చినవాడికి పానపాత్ర అందించాలి. ఆ పిల్ల అక్కడున్న దొరలందర్నీ కాదని, అప్పుడే ఓడ దిగి అతిథిగా వచ్చిన గ్రీకు కుర్రాడు ప్రోతిస్ చేతికిచ్చిందట. నిజమో కాదో గానీ, తమ ఊరు యుద్ధంతో కాదు, పెళ్లితో మొదలైందని చెప్పుకోవడం వాళ్లకి ఇష్టం. గ్రీకుల కాలంలో ఈ ఊరికి రాజు లేడు. 600 మంది పెద్దల సభ ఉండేది, అందులోంచి 15 మంది రోజువారీ పనులు చూసేవాళ్లు, వాళ్లలోనూ ముగ్గురిది పైచేయి. ధనవంతుల పాలనే, ప్రజాస్వామ్యం అనుకోకండి. కానీ బాగా నడిచిన పాలనగా పాత రచయితలు మెచ్చుకున్నారు. రోమన్ సేనానులు సీజర్‌కీ పాంపేకీ తగువొస్తే ఊరు ఓడిపోయే వాడి పక్షాన చేరింది. క్రీస్తుపూర్వం 49లో సీజర్ ముట్టడించి లొంగదీసుకున్నాడు. ఓడిపోయే పక్షాన చేరడం ఈ ఊరికి తర్వాత్తర్వాత అలవాటైపోయింది.

మధ్యయుగాలు దాటేద్దాం. 1481లో ప్రొవాన్స్ ప్రాంతంతో పాటు మార్సేయ్ కూడా ఫ్రాన్స్ రాజు చేతికొచ్చింది. కాగితం మీద చేతికొచ్చింది, అంతే. పదిహేడో శతాబ్దంలో పద్నాలుగో లూయీకి ఈ ఊరి తలబిరుసు భరించలేనిదైంది. 1660లో సైన్యంతో వచ్చాడు. కోట ద్వారం ఉంది కదా, అందులోంచి రావచ్చు. రాలేదు. గోడ పగలగొట్టించి ఆ గండిలోంచి ఊళ్లోకి నడిచాడు, జయించిన శత్రువు ఊళ్లోకి వచ్చినట్టు. పాత పాలకవర్గాన్ని రద్దు చేశాడు. రేవు ముఖద్వారం దగ్గర సెయింట్ నికొలా కోట కట్టించాడు. దాని ఫిరంగుల మూతులు ఊరివైపు తిరిగి ఉండేవి. ఆ కోట ఇప్పటికీ ఉంది. విప్లవం వచ్చాక 1790లో జనం చేసిన తొలి పనుల్లో ఆ కోట పట్టుకుని, పలుగులు తీసుకుని గోడలు పడగొట్టడం ఒకటి.

ఒక చేత్తో కొట్టిన అదే రాజు ఇంకో చేత్తో బెల్లం పెట్టాడు. 1669లో మంత్రి కోల్‌బేర్ మార్సేయ్‌ని సుంకాల్లేని స్వేచ్ఛా రేవుగా ప్రకటించాడు. మధ్యధరా తూర్పు తీరంతో ఫ్రాన్స్ చేసే వర్తకమంతా ఈ ఊరి గుప్పిట్లోకి వచ్చింది. సరిగ్గా ఆ 1669లోనే ఫ్రెంచి వాళ్లు మన బందరులో కోఠీ పెట్టారు. ఫ్రెంచిపేట పేరు అలా మిగిలింది, వాళ్లు ఇక్కడి జాగా మీద హక్కు వదులుకున్నది 1947లో.

బందరు ప్రస్తావన ఊరికే తేలేదు. ఈ తీరం అద్దకం బట్టలకి అప్పుడు యూరప్ పడిచచ్చేది. ఉతికినా రంగు పోని నూలు బట్ట వాళ్లకి కొత్త. మార్సేయ్‌లో పేకముక్కలు అచ్చువేసే వాళ్ల దగ్గర చెక్క అచ్చులుండేవి. 1648 నాటికే వాళ్లు ఆ అచ్చులతో బట్ట మీద అద్దడం మొదలుపెట్టారు. రంగు నిలవలేదు. తర్వాత తూర్పు నుంచి వచ్చిన అర్మేనియన్లు కొంత మర్మం నేర్పారు. ఈ బట్టల్ని అక్కడ 'అందియెన్' అంటారు. ఫ్రాన్స్‌లో పట్టు, ఉన్ని నేసేవాళ్లు గగ్గోలు పెడితే 1686లో రాజు వీటిని నిషేధించాడు, తెచ్చినవీ, అక్కడ అద్దినవీ రెండూ. నిషేధం 1759 దాకా నడిచింది. డెబ్భై ఏళ్లకు పైగా! ఆ డెబ్భై ఏళ్లూ ఆడవాళ్లు అవి కట్టుకోవడం మానలేదంటే, దొంగదారిన ఎంత సరుకు దిగిందో మీరే ఊహించుకోండి.

దొంగదారి సరుకు అన్నాను కాబట్టి 1720కి వస్తాను. ఇక్కడ కాసేపు ఆగుతాను.

ఆ ఏడాది మే 25న గ్రాండ్ సెంట్ ఆంత్వాన్ అనే ఓడ వచ్చింది. సిడోన్, ట్రిపోలీ, సైప్రస్ చుట్టి, పట్టుబట్టలు, దూది బేళ్లు నింపుకుని వచ్చింది. దారిలో ఒక ప్రయాణికుడు చచ్చిపోయాడు. తర్వాత కొందరు నావికులు, ఆఖరికి ఓడ వైద్యుడు కూడా పోయాడు. ఇటలీలోని లివోర్నో రేవు వాళ్లు రానివ్వలేదు. మార్సేయ్ ఏమీ అమాయకపు ఊరు కాదు. ప్లేగు విషయంలో యూరప్‌లోనే గట్టి ఏర్పాటు వాళ్లది. ఆరోగ్య బోర్డు ఉంది, ఊరి బయట క్వారంటైన్ ఆవరణ ఉంది, మరీ అనుమానమున్న ఓడల్ని దూరంగా జార్ అనే దీవికి పంపాలనే నిబంధన ఉంది. బయల్దేరిన ప్రతి రేవు నుంచీ ఓడ ఆరోగ్యపత్రం తేవాలి. అన్నీ ఉన్నాయి.

మరి ఏమైంది? సరుకు జూలైలో జరిగే బోకేర్ సంతకి అందాలి. సరుకు మీద పెట్టుబడి పెట్టిన వాళ్లలో నగర పాలక పెద్ద ఎస్టెల్ ఒకడు. షాతో అనే ఓడ కెప్టెన్ దగ్గరున్న పత్రాలు 'ఏ జబ్బూ లేదు' అనే చెబుతున్నాయి. ఆరోగ్య బోర్డులో కూర్చున్న వాళ్లు కూడా వర్తకులే, పాత కెప్టెన్లే. ఎవరూ లంచం తీసుకుని ఉండకపోవచ్చు కూడా. అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లు, అంతే. ఓడని దీవికి పంపాలన్న మాట వెనక్కి పోయింది. ఖరీదైన సరుకుని ఊరి పక్కనే ఉన్న ఆవరణలో దింపుకోనిచ్చారు. మూటలు మోసిన కూలీలు ముందు పోయారు. ఆవరణ గోడ మీంచి కొన్ని మూటలు రాత్రిపూట బయటికి జారాయి. జూన్ 20 నాటికి పాత పేటలో ఇరుకు సందుల్లో చావులు మొదలయ్యాయి. వైద్యులు ప్లేగు అన్నారు. పాలకులు మామూలు జ్వరమే, పేదలకు తిండి సరిగా లేక వచ్చిందన్నారు. ప్లేగు అని ఒప్పుకుంటే రేవు మూసెయ్యాలి కదా.

జూలై 31న ఎక్స్ నగరంలోని ప్రొవాన్స్ న్యాయసభ మార్సేయ్‌తో రాకపోకలు నిషేధించింది. ఆగస్టు ఆఖర్లో రోజుకి వెయ్యి మంది పోయారు. లా తూరెత్ అనే చోట, సముద్రపు ఒడ్డున, వారాల తరబడి శవాలు ఎండలో పడి ఉన్నాయి. సెప్టెంబర్‌లో షెవాలియే రోజ్ అనే అధికారి, తెడ్లతో నడిచే 'గాలీ' ఓడల్లో శిక్ష అనుభవిస్తున్న ఖైదీల్ని తీసుకెళ్లి, పాత బురుజుల కింద బోలుగా ఉన్న గదుల పైకప్పు పగలగొట్టించి, శవాల్ని అందులో తోయించాడు. ఆ పని చేస్తే విడుదల చేస్తామని ఖైదీలకు చెప్పారు. చేసినవాళ్లలో చాలా కొద్దిమందే మిగిలారు.

దాదాపు 90 వేల మంది ఉన్న ఊళ్లో 40 వేల దాకా పోయారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పక్క ప్రాంతం వాళ్లు కొండల మీద 27 కిలోమీటర్ల రాతి గోడ కట్టి కాపలా పెట్టారు. ఆ గోడ ముక్కలు ఇప్పటికీ చూడొచ్చు. మరి శిక్ష ఎవరికి పడింది? కెప్టెన్ షాతో ఊరికి ఎదురుగా ఉన్న షాతో దీఫ్ దీవి కోటలో మూడేళ్లు మగ్గాడు. ఎస్టెల్‌కి ఏ శిక్షా పడలేదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, పిడికెళ్లు సమానంగా పంచిన ఊరు నేనింకా చూళ్లేదు.

ఆ దీవికి మన దేశంతో ఒక వింత సంబంధం ఉంది. గుజరాత్ సుల్తాను పోర్చుగీసు వాళ్లకిచ్చిన ఖడ్గమృగం 1516లో లిస్బన్ నుంచి పోప్‌కి కానుకగా వెళ్తూ అక్కడ ఆగింది. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సిస్ స్వయంగా వెళ్లాడు. పాపం, ఆ జంతువు రోమ్ చేరలేదు. ఇటలీ తీరంలో ఓడ మునిగి పోయింది.

విప్లవం రోజులకి వద్దాం. 1792 వేసవిలో మార్సేయ్ వాలంటీర్లు దాదాపు 500 మంది పారిస్‌కి నడిచి వెళ్లారు. దారి పొడుగునా ఒక కొత్త పాట పాడుకుంటూ వెళ్లారు. పాట పుట్టింది వందల మైళ్ల దూరంలో స్ట్రాస్‌బర్గ్‌లో, రాసింది రూజే ద లీల్ అనే సైనికాధికారి. పాడినవాళ్ల పేరే పాటకి ఉండిపోయింది. ఇవాళ ఫ్రాన్స్ జాతీయగీతం అదే. ఇంత చేశాక ఏడాది తిరక్కుండానే పారిస్‌తో మళ్లీ చెడింది. తిరుగుబాటు, అణచివేత. 1794 జనవరిలో ఊరి పేరే తీసేశారు. కొన్ని వారాల పాటు అధికారిక కాగితాల్లో అది 'పేరు లేని ఊరు'! జాతీయగీతంలో పేరున్న ఊరికి పటంలో పేరు లేదు. ఇంతకంటే ఆ ఇద్దరి కాపురం గురించి ఏం చెప్పాలి?

పందొమ్మిదో శతాబ్దం డబ్బుల శతాబ్దం. 1830లో ఫ్రాన్స్ అల్జీరియా మీద పడింది, 1869లో సూయజ్ తెరిచారు. పాత రేవు చాలక ఉత్తరాన జోలియెత్ దగ్గర కొత్త రేవు కట్టారు. కలరా వచ్చి ఊరు అల్లాడితే దురాన్స్ నది నుంచి కాలవ తవ్వి 1849లో నీళ్లు తెచ్చారు. సబ్బు పరిశ్రమ పెరిగింది. 1688 నాటి రాజశాసనం ప్రకారం మార్సేయ్ సబ్బులో ఆలివ్ నూనె తప్ప ఇంకేదీ కలపకూడదు. కానీ ఫ్యాక్టరీలు వచ్చాక ఆలివ్ ఎక్కడ సరిపోతుంది? సెనెగల్ నుంచి, పుదుచ్చేరి రేవు మీదుగా మన మద్రాసు రాష్ట్రం నుంచి వేరుశనగ ఓడలకు ఓడలు వెళ్లింది. మన దక్షిణాదిలో వేరుశనగ సాగు అంతగా విస్తరించడానికి ఆ నూనె మిల్లుల గిరాకీ ఒక పెద్ద కారణం. వలసపాలన లాభం తిన్న ఊరు ఇది, ఆ మాట దాచనక్కర్లేదు. 1914 సెప్టెంబర్ 26 నుంచి మన సైనికులు యుద్ధానికి దిగింది కూడా ఇక్కడే. చనిపోయిన వాళ్ల స్మారకం మజార్గ్ శ్మశానవాటికలో ఉంది.

సరుకుతో పాటు మనుషులూ వచ్చారు. ఇటాలియన్లు ముందు. 1881లో వాళ్ల మీద రోజుల తరబడి దాడులు జరిగాయి, ఊరు అందర్నీ ఆదరించిందని పాడేవాళ్లు ఇది మర్చిపోతుంటారు. తర్వాత మారణకాండ తప్పించుకున్న అర్మేనియన్లు, కోర్సికన్లు, 1962లో అల్జీరియా వదిలి వచ్చిన ఫ్రెంచి వాళ్లు, అల్జీరియన్లు, కొమొరో దీవుల వాళ్లు. తిండి చూస్తే ఈ కలగలుపు తెలుస్తుంది. అమ్ముడుపోని రాతిచేపలు ఉడికించుకున్న జాలరుల పులుసు బూయాబేస్ ఇవాళ ఖరీదైన హోటళ్ల వంటకమైపోయింది. నాకైతే ఎస్తాక్ పేటలో బండి మీద అమ్మే పానిస్ నచ్చింది. శనగపిండి ఉడకబెట్టి, చల్లార్చి, గుండ్రంగా కోసి నూనెలో వేయిస్తారు. కారం మాత్రం ఉండదు, అదొక్కటే లోటు.

ఇక పరిపాలన. 1938 అక్టోబర్ 28న కానెబియేర్ పెద్దవీధిలో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్ అంటుకుంది. గొట్టాలు చాల్లేదు, నీళ్ల ఒత్తిడి లేదు, మంట వీధి దాటి ఎదురు హోటల్‌కి పాకింది. ఆ హోటల్లో దిగినవాళ్లెవరు? పార్టీ మహాసభకి వచ్చిన సాక్షాత్తూ ప్రధానమంత్రి దలాదియే, మంత్రులు. 73 మంది చనిపోయారు. సాయానికి పక్క ఊళ్ల నుంచి ఫైరింజన్లు రావాల్సి వచ్చింది. మరుసటి ఏడాది మార్చిలో పారిస్ నగరపాలనని లాక్కుని ప్రత్యేకాధికారిని కూర్చోబెట్టింది, జూలైలో అగ్నిమాపక దళాన్ని నావికాదళానికి అప్పగించింది. ఆ పని ఇప్పటికీ వాళ్లదే. ఈ రోజుకీ మార్సేయ్‌లో ఇల్లు అంటుకుంటే వచ్చేది నేవీ సిపాయిలు.

1943 జనవరిలో నాజీలు, ఫ్రెంచి పోలీసులు కలిసి పాత రేవు ఉత్తరపు పేటని ఖాళీ చేయించారు. 20 వేల మందికి పైగా. ఫిబ్రవరిలో 1,500 ఇళ్లు డైనమైట్‌తో పేల్చేశారు. యూదుల్ని వందల్లో సోబిబోర్ మరణశిబిరానికి పంపారు. ఊరిని 1944 ఆగస్టులో విడిపించిన సైన్యంలో అల్జీరియన్లు, మొరాకో వాళ్లు ఎక్కువ. తర్వాత వాళ్ల పిల్లలకే ఆ ఊళ్లో అద్దెకు ఇల్లు దొరకని రోజులొచ్చాయి.

యుద్ధం తర్వాత గాస్తోన్ దెఫేర్ 1953 నుంచి 1986లో చనిపోయేదాకా మేయర్. సోషలిస్టు, పత్రిక యజమాని. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదన్న సూత్రం మీద ఊరు నడిచింది: మునిసిపాలిటీ ఉద్యోగం, ప్రభుత్వ ఫ్లాటు, అన్నీ ఓటుతో ముడి. 1981లో ఆయన దేశ హోంమంత్రి అయ్యాడు. 1982 డిసెంబర్ 31న పారిస్, లియోన్, మార్సేయ్‌లకి ప్రత్యేక ఎన్నికల చట్టం వచ్చింది. ఊరిని సెక్టార్లుగా విడగొట్టి, ఏ సెక్టార్ సీట్లు ఆ సెక్టార్లోనే లెక్కపెడతారు. 1983లో మార్సేయ్ మొత్తం మీద ప్రత్యర్థి గోదాన్‌కి ఎక్కువ ఓట్లు వచ్చాయి. సీట్లు దెఫేర్‌కి ఎక్కువ వచ్చాయి! హోంమంత్రే అభ్యర్థి, ఆ శాఖ తెచ్చిందే చట్టం. గోదాన్ 1995 దాకా ఆగి, మేయరై, 2020 దాకా దిగలేదు.

ఫుట్‌బాల్ గురించి చెప్పకపోతే ఊరుకోరు కదా. 1993 మే 26న మ్యూనిక్‌లో బాసిల్ బోలీ తలతో కొట్టిన ఒక్క గోల్‌తో ఒలింపిక్ మార్సేయ్ యూరప్ కప్పు గెలిచింది. ఫ్రెంచి జట్టు గెలవడం అదే మొదటిసారి. అంతకు ఆరు రోజుల ముందు వలెన్సియెన్‌తో ఆడిన మ్యాచ్ కొనేశారని బయటపడింది. ఆ ఏటి దేశీయ టైటిల్ పోయింది, క్లబ్ అధ్యక్షుడు తాపీ జైలుకెళ్లాడు. యూరప్ కప్పు మాత్రం మిగిలింది. అక్కడి వాళ్లని అడిగితే ఇదీ పారిస్ కుట్రే అంటారు. కాదని వాదించకండి, టైం వేస్ట్.

2018 నవంబర్ 5 పొద్దున నోవాయ్ పేటలో, ఒబాన్ వీధిలో 63, 65 నంబర్ల ఇళ్లు కూలిపోయాయి. ఎనిమిది మంది చనిపోయారు. 63వ నంబరు ఇల్లు నగరపాలనతో ముడిపడిన గృహ సంస్థదే. అది ఖాళీగా పాడుబడి ఉంది. కూలింది పాత రేవుకి నడిచి వెళ్లేంత దూరంలో, యూరప్ సాంస్కృతిక రాజధాని హోదా పేరిట 2013లో కొత్త మ్యూజియం కట్టి మెరుగులు దిద్దిన ఊళ్లో. తర్వాత ప్రమాదకరమని వేలమందిని ఇళ్లు ఖాళీ చేయించారు. 2020 ఎన్నికల్లో పాతికేళ్ల గోదాన్ వర్గం ఓడిపోయింది. వృత్తిరీత్యా డాక్టరైన మిషెల్ రూబిరోలా ఊరి తొలి మహిళా మేయర్ అయ్యారు, ఆర్నెల్లలోపే తప్పుకుంటే బెన్వా పాయాన్ వచ్చారు. 8.7 లక్షలకు పైగా జనం, పారిస్‌కి రెట్టింపు పైగా విస్తీర్ణం ఉన్న ఊరు. అయినా చెత్త ఎత్తే పని మేయర్ చేతిలో లేదు. అది 2016లో పారిస్ పట్టుబట్టి ఏర్పాటు చేసిన 92 ఊళ్ల మహానగర మండలి చేతిలో ఉంది. వీధిలో చెత్త పేరుకుంటే తిట్లు మాత్రం మేయర్‌కే.

ఆ 1982 ఎన్నికల చట్టాన్ని 2025 ఆగస్టులో మార్చారు. ఇకపై మార్సేయ్ ఓటరు సెక్టార్‌కి ఒక ఓటు, మొత్తం నగర మండలికి ఇంకో ఓటు వేస్తారు. గెలిచిన అభ్యర్థుల జాబితాకి వచ్చే అదనపు సీట్లు మొత్తం సీట్లలో సగం నుంచి నాలుగో వంతుకు తగ్గాయి. సెనేట్ ఒప్పుకోకపోయినా దిగువ సభ నెగ్గించుకుంది. పార్లమెంటులో నెలల తరబడి నడిచిన ఆ చర్చ అంతా దాదాపుగా పారిస్ మేయర్ పదవి చుట్టూనే తిరిగింది.